మండీకి వెళ్లొచ్చాం, వడ్లు అమ్మడానికి కాదు

మునగాల: మండీ అంటే మన రైతులకు తెలిసిన అర్థం ఒక్కటే. కాటాలు, హమాలీలు, దలారులు, తరుగు. ఆ మాట వింటేనే కొందరికి ఒళ్లు మండుతుంది. కానీ కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ పట్టణాల్లో రాత్రయితే రంగు దీపాలతో వెలుగుతున్న 'మండీ' బోర్డులు వేరు. అక్కడ తూచేది ధాన్యం కాదు. చాటంత పళ్లెం నిండా అన్నం పోసి, దాని మీద మాంసం పెట్టి మధ్యలో ఉంచుతారు. చుట్టూ నలుగురో ఆరుగురో కూర్చుని అందులోనే తింటారు. ఇది అరబ్బుల భోజనం. హైదరాబాదు - విజయవాడ రోడ్డు పట్టుకుని మన దాకా వచ్చింది. పట్నాల్లో చదువుకునే పిల్లలకు ఇది పాత సంగతే. పల్లెల్లో పెద్దవాళ్లు చాలామంది ఇప్పటికీ బస్సులోంచి బోర్డు చదివి ఊరుకుంటున్నారు.

మేము మండీకి పోయొచ్చామని విని మా ఊరి రచ్చబండ దగ్గర ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది: "ఏందిరా, వడ్లు ఏ రేటు పలికినయ్?" వడ్లు కాదు తాతా, అన్నం తినొచ్చామని చెప్పాం. ఒకే పళ్లెంలో ఆరుగురం తిన్నామని కూడా చెప్పాం. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "ఎవలెవలు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి కనుక ముందు ఆరుగురి సంగతి చెబుతాను. ఈ విలేకరి ఒకడు. మిర్యాలగూడ రైసు మిల్లులో గుమాస్తాగా చేస్తున్న మిత్రుడు ఒకడు. మునగాల అడ్డాలో ఆటో నడిపే అతను, దర్జీ పని చేసే ముస్లిం మిత్రుడు, ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే పంతులు. ఆరో మనిషి మమ్మల్ని పిలిచినవాడు. ఎస్సీ కాలనీ వాడు. మాతో పాటు పదో తరగతి దాకా చదివి, దమ్మాంలో ఎనిమిదేళ్లు ట్రక్కు నడిపి, ఇక తిరిగి పోనని వచ్చేశాడు. అప్పు తీరింది, ఇంటికి స్లాబు పడింది. ఆ సంతోషంలో, "ఆదివారం అందరం కోదాడకు పోదాం, ఖర్చు నాది" అన్నాడు.

ఊరి పెండ్లిళ్లలో ఇతను ఎక్కడ కూర్చునేవాడో మా వయసు వాళ్లందరికీ గుర్తే. టీ హోటళ్లలో వేరు గ్లాసులుండేవని మా నాయనలు చెప్పుకునేవారు. మా హయాం వచ్చేసరికి గ్లాసులు ఒకటయ్యాయి. విస్తరి మాత్రం ఎవరిది వారిదే. అందరిదీ ఒకే విస్తరి అన్నది మన వైపు ఎక్కడా లేదు. మొగుడు తిన్న కంచంలో పెళ్లాం తినడం చూశాం, తల్లి కంచంలో పిల్లలు తినడం చూశాం. అంతకు మించి దాటితే దాని పేరు ఎంగిలి.

హోటల్లోకి వెళ్లాక చెప్పులు బయట విడవమన్నారు. లోపల కుర్చీలు లేవు. జానెడు ఎత్తు అరుగు, దాని మీద పరుపులు, వీపుకు దిండ్లు, చుట్టూ పరదా. బాసంపట్లు వేసుకుని కూర్చోవాలి. లుంగీ కట్టుకొచ్చిన దర్జీ హాయిగా కూర్చున్నాడు. బిగుతు ప్యాంటు వేసుకొచ్చిన పంతులు మాత్రం రాత్రంతా కాళ్లు ఎటు పెట్టాలో తెలియక అవస్థ పడ్డాడు.

కాగితం మీద పేర్లు చదివితే సగం అర్థం కాలేదు. దమ్మాం మిత్రుడు విప్పి చెప్పాడు. ఫహమ్ అంటే బొగ్గు. బొగ్గుల మీద కాల్చిన కోడిని 'అల్ ఫహమ్' అంటారు. మద్బీ అంటే వేడి రాళ్ల మీద కాల్చిన మాంసం. మరగ్ అంటే ఎముకల రసం. హైదరాబాదు ముస్లింల పెళ్లిళ్లలో ముందుగా పోసేది అదే. కబ్సా సౌదీ వాళ్ల వంట. మాంసం ఉడికిన రసంలోనే బియ్యం వేసి, టమాటా, ఎండబెట్టిన నల్ల నిమ్మకాయ వేసి వండుతారు. మండీ యెమెన్ దేశానిది. "కబ్సా, మండీ ఒకటే అన్నావంటే అక్కడ యెమనీలు కొట్లాటకొస్తరు" అన్నాడు. మన దగ్గర కట్టె పొంగలి, దద్దోజనం ఒకటే అన్నట్టుంటుంది కాబోలు.

పళ్లెం వచ్చింది. పొడవాటి మెతుకులు, కొన్ని తెల్లగా, కొన్ని పసుపుగా. పైన వేయించిన ఉల్లిపాయ, జీడిపప్పు, ఎండు ద్రాక్ష. మధ్యలో మాంసం కుప్ప. పక్కన గిన్నెల్లో టమాటా పచ్చడి, తెల్లని మయోనైజ్. వడ్డించే కుర్రాడు పళ్లెం దించి, "వేరే ప్లేట్లు కావాలా సార్?" అని అడిగాడు. ఒక్క క్షణం ఎవరూ పలకలేదు. తర్వాత మిల్లు గుమాస్తా నెమ్మదిగా, "ఉండనీ, ఆరు తే" అన్నాడు. అతను ఎందుకన్నాడో మాకు తెలుసు. పిలిచినవాడికీ తెలుసు. కుర్రాడు ఆరు ప్లేట్లు పెట్టి పోయాడు.

దమ్మాం మిత్రుడు ఏమీ అనలేదు. తన ముందున్న వైపు అన్నంలో చెయ్యి పెట్టి, మంచి ముక్క ఒకటి ఎముక నుంచి తీసి, పళ్లెంలోనే గుమాస్తా ముందుకు జరిపాడు. అరబ్బుల మర్యాద అదట. ఎవరి ముందున్నది వారు తినాలి, అవతలి వాడి వైపు చెయ్యి పోకూడదు, కుడి చెయ్యే వాడాలి, మంచి ముక్క అతిథికి పోవాలి. ఇప్పుడు ఇక్కడ అతిథి గుమాస్తా. అతను ఆ ముక్క వైపు చూశాడు. పంతులు అప్పటికే మొదలుపెట్టాడు. ఆకలి అన్నిటికన్నా పెద్దది. దర్జీ 'బిస్మిల్లా' అని చెయ్యి పెట్టాడు. ఆటో మిత్రుడు పచ్చడి గిన్నె దగ్గరకు లాక్కున్నాడు. గుమాస్తా ఆ ముక్క తీసుకున్నాడు. పళ్లెంలోంచే తిన్నాడు. తెచ్చిన ఆరు ప్లేట్లు ఊరికే పోలేదు, ఎముకలు వేసుకోవడానికి పనికొచ్చాయి.

తింటూ దమ్మాం మిత్రుడు చెప్పిన కబుర్లు బాగున్నాయి. శుక్రవారం సెలవు. క్యాంపులో నేల మీద ప్లాస్టిక్ గుడ్డ పరుస్తారు. యెమనీ, పాకిస్తానీ, మలయాళీ, నేపాలీ, మన కరీంనగరం వాళ్లు అందరూ ఒక్క పళ్లెం చుట్టూ చేరతారు. మొదటి శుక్రవారం తను దూరంగా నిలబడ్డాడట. ఊళ్లో అలవాటు అది. ఒక ముసలి యెమనీ డ్రైవరు చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టాడు. "వాడు నన్ను హిందీనా అని అడిగిండు. ఔనన్న. అంతే, ఇంకేం అడగలె" అన్నాడు. హిందీ అంటే అక్కడ హిందుస్తాన్ వాడని అర్థం. అక్కడంతా బాగుందని మాత్రం అతను అనలేదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోవడం, ఎండలో లారీ కింద పడుకోవడం, ఇంటి చావు ఫోనులో వినడం, అవీ చెప్పాడు. మేము తింటూనే విన్నాం.

ఇక రుచి సంగతి. కారానికి అలవాటు పడిన మన నాలుకకు మొదటి ముద్ద చప్పగా ఉంటుంది. ఆటో మిత్రుడు టమాటా పచ్చడి నాలుగుసార్లు అడిగి తెప్పించుకున్నాడు. కానీ అయిదారు ముద్దల తర్వాత అసలు సంగతి తెలుస్తుంది. మసాలా మాంసాన్ని మింగేయదు. జీలకర్ర, మిరియం, ధనియాలు, ఏలకులు, పసుపు కలిపిన పొడి వాళ్ల మసాలా. అది వెనకే ఉంటుంది. ముందు తగిలేది మాంసం రుచి, దాని కొవ్వు పట్టిన అన్నం రుచి, పొగ వాసన. మాంసం వేలితో తాకితే ఊడి వస్తుంది. బిర్యానీ తిన్నాక దాహమేసినట్టు వెయ్యదు. ఈ విలేకరికి బిర్యానీ కంటే ఇదే నచ్చింది. మిగతా వాళ్లలో ఇద్దరు ఒప్పుకోలేదు.

దీన్ని అసలు వండే పద్ధతి వింటే మన పెద్దలకు పాతర గుర్తుకొస్తుంది. పూర్వం మనవాళ్లు జొన్నలు పాతర వేసినట్టు, యెమెన్ వాళ్లు వంటనే పాతర వేస్తారు. నేలలో గుంత తవ్వి, లోపల మట్టి మెత్తి, అడుగున కట్టెలు కాల్చి నిప్పులు చేస్తారు. బియ్యం గిన్నె దించి, దాని పైన మాంసం వేలాడదీసి, మూత పెట్టి మట్టితో మూసేస్తారు. కొన్ని గంటలు ఆగాలి. మాంసం తన ఆవిరిలో తానే మగ్గుతుంది, దాని కొవ్వు చుక్క చుక్కగా కింది అన్నంలో పడుతుంది. అరబ్బీలో 'నదా' అంటే మంచు. తెల్లారి గడ్డి మీద పడే మంచు తేమలా మాంసం ఉండాలని మండీ అన్న పేరు వచ్చిందంటారు. మన రోడ్డు పక్క హోటళ్లలో చాలా చోట్ల గుంత లేదు. అన్నం ఒక పొయ్యి మీద, మాంసం ఒక పొయ్యి మీద వండి కలుపుతారు. కొందరు గిన్నెలో నిప్పు కణిక పెట్టి పొగ పట్టిస్తారు. 'జ్యూసీ మండీ', 'ఫ్రై మండీ' అన్న రకాలు మన హైదరాబాదు వాళ్లు కల్పించుకున్నవి.

అందరికంటే పెద్ద వార్త చెప్పినవాడు మిల్లు గుమాస్తా. నాలుగు మెతుకులు అరచేతిలో వేసుకుని వేలితో నలిపి చూసి, "ఇది ఉప్పుడు బియ్యం రా" అన్నాడు. మేము నమ్మలేదు. అతను చెప్పింది నిజమే. మండీకి వాడేది 'సేలా' బాస్మతి. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, అప్పుడు మర పడతారు. మిర్యాలగూడ మిల్లుల్లో యాసంగి వడ్లకు చేసే పని అదే. ఉప్పుడు బియ్యం గింజ గట్టిపడుతుంది, విరగదు, ఎంత ఉడికినా మెతుకు మెతుకుకు అంటదు. గంటల కొద్దీ గుంతలో మగ్గాలంటే అటువంటి గింజే కావాలి. మన వైపు ఉప్పుడు బియ్యం అన్నం పెడితే ఇంటల్లుడు కూడా అలుగుతాడు. కేరళ వాళ్లూ తమిళనాడు వాళ్లూ తినేదంటాం. 2022 యాసంగిలో ఉప్పుడు బియ్యం తీసుకోమని కేంద్రం అన్నప్పుడు రాష్ట్రమంతా ఎంత గొడవైందో రైతులు మరచిపోలేదు. అదే ఉప్పుడు బియ్యాన్ని గింజ పొడవు మార్చి పళ్లెంలో పోస్తే లొట్టలు వేసుకుంటూ తిన్నాం.

ఇంకో సంగతి. ఈ బాస్మతి పండేది పంజాబు, హర్యానా పొలాల్లో. సౌదీ, ఇరాన్, ఇరాక్, యెమెన్ దేశాలు దాన్ని మన దగ్గర కొంటాయి. అంటే దమ్మాం క్యాంపులో మన మిత్రుడు తిన్నది కూడా మన దేశపు రైతు పండించిన గింజే కావచ్చు.

ఈ వంట ఇక్కడికి రావడం కొత్త అనుకుంటాం కానీ అరబ్బులు రావడం కొత్త కాదు. యెమెన్‌లో హద్రమౌత్ అనే ప్రాంతం ఉంది. వానలు తక్కువ, కరువు ఎక్కువ. అక్కడివాళ్లు పొట్ట చేతబట్టుకుని జావాకు, తూర్పు ఆఫ్రికాకు, హైదరాబాదుకు వలస వచ్చారు. నిజాం సైన్యంలో చేరారు. ఖజానాలకు కాపలా కాశారు. వాళ్ల బారకులున్న చోటే జనం నోట 'బార్కస్' అయింది. చాంద్రాయణగుట్ట దగ్గర ఉంది. అక్కడ నేటికీ చాలామంది మగవాళ్లు మన పల్లెల్లోలాగే లుంగీలతోనే వీధిలో తిరుగుతారు. బార్కస్ జామకాయలకు పట్నంలో పేరుంది. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అనే అరబ్బు జమేదారు హైదరాబాదులో గడించిన ధనంతో ఆయన వంశం వాళ్లు హద్రమౌత్‌లో రాజ్యమే ఏర్పరచుకున్నారు. ముకల్లా రాజధానిగా అది 1967 దాకా సాగింది. ఇవాళ మనవాళ్లు గల్ఫ్ వెళ్లి ఇళ్లు కట్టుకుంటున్నారు. నాడు వాళ్లు దక్కనుకు వచ్చి రాజ్యం కట్టుకున్నారు.

మన పెద్దల జ్ఞాపకాల్లో అరబ్బు అంటే విందు కాదు, భయం. జమేదార్లు అప్పులిచ్చి, తాకట్టు కింద భూముల మీద పెత్తనం చేసేవారు. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ వాళ్ల జోరు తగ్గించాడు. మునగాలకు మాత్రం ఆ బాధ నేరుగా లేదు. మన పరగణా మద్రాసు రాజధానిలో, కృష్ణా జిల్లాలో ఉండేది. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో దీవిలా మనం. ఇక్కడ కల్దారు రూపాయి, పొలిమేర దాటితే హాలీ సిక్కా. నాకాల దగ్గర కరోడ్‌గిరి వాళ్లు మూటలు విప్పి చూసేవారు. రాజా నాయని వెంకట రంగారావు గారు, దివాను కొమర్రాజు లక్ష్మణరావు గారు ఇక్కడి నుంచి తెలుగు పుస్తకాలకు చేసిన సేవ అందరికీ తెలిసిందే. 1959లో పరగణా నల్లగొండ జిల్లాలో కలిసింది. 2016లో సూర్యాపేట జిల్లా అయింది. నిజాం అరబ్బు సిపాయి రాలేకపోయిన మునగాల ముంగిటికి అరబ్బు పళ్లెం వచ్చిందని పంతులు నవ్వాడు.

1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత ఆ సైన్యం పోయింది. కొందరు తిరిగి వెళ్లారు, కొందరు బార్కస్‌లోనే ఉండిపోయారు. వాళ్ల హరీస్ అప్పటికే ఊరిలోకి వచ్చేసింది. గోధుమలు, మాంసం కలిపి గంటల తరబడి ఉడికించి మెత్తగా ఎనిపే వంట అది. బార్కస్‌లో పొద్దున్నే తింటారు. తీపిదీ ఉంటుంది, కారందీ ఉంటుంది. అదే మసాలాలూ నెయ్యీ పట్టించుకుని హలీం అయింది. ముకల్లా నుంచి వచ్చి నిజాం కొలువులో ఉన్న సైఫ్ నవాజ్ జంగ్ ఇంటి విందుల వల్ల దానికి పేరొచ్చిందని చెబుతారు. 2010లో హైదరాబాదు హలీంకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో అరబ్బు దేశాల హరీస్‌ను యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. రంజాన్ నెలలో సూర్యాపేట, కోదాడల్లో పెట్టే హలీం బట్టీల దగ్గర ఇప్పుడు అన్ని కులాల వాళ్లూ నిలబడుతున్నారు. అయితే హలీం ఎవరి గిన్నెలో వారిదే.

తిండే కాదు, మాటలూ వచ్చాయి. హల్వా, షర్బత్, జిలేబీ అరబ్బీ నుంచి వచ్చినవే. కాటా దగ్గరి హమాలీ, దలాలీ అరబ్బీవే. ఖరీఫ్, రబీ అరబ్బీ. చివరకు 'రైతు' అన్న మాటకూ మూలం అరబ్బీయే. ఇది విని ఆటో మిత్రుడు, "మరి మనదేందిరా?" అన్నాడు. "అప్పు" అన్నాడు గుమాస్తా.

వెళ్లదలచిన వారికి రెండు మాటలు. మనిషికి రెండు వందల యాభై దాకా పడింది. కూలి మనిషికి ఇది చిన్న మొత్తం కాదు. నలుగురి పళ్లెం చెబితే అయిదుగురికి చాలుతుంది, అన్నం మిగిలితే మూట కట్టి ఇస్తారు. మయోనైజ్ విషయంలో జాగ్రత్త అవసరం. పచ్చి గుడ్డు సొనతో చేసి నిలవ ఉంచితే విషమవుతుంది. హైదరాబాదులో జనం జబ్బుపడి, ఒక ప్రాణం కూడా పోయాక, 2024 అక్టోబరు చివర రాష్ట్ర ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. పిల్లలకు పెట్టకపోవడమే మేలు. మాంసం కూడా వేడిగా ఉంటేనే తినాలి. చల్లారింది తెస్తే మొహమాటం లేకుండా తిప్పి పంపండి. ఆడవాళ్లు, పిల్లలతో వెళ్తే పరదా గదులు ఉంటాయి. ఆదివారం మా పక్క గదిలో ఒక కుటుంబం అమ్మమ్మతో సహా వచ్చింది. అమ్మమ్మకు విడిగా పెరుగన్నం తెప్పించారు.

బిల్లు దమ్మాం మిత్రుడే కట్టాడు. గుమాస్తా సగం ఇస్తానంటే ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఊళ్లో ఒక ప్రయత్నం జరుగుతోంది. సంక్రాంతి సెలవుల్లో గుంత తవ్వి అసలైన మండీ వండాలని దమ్మాం మిత్రుడు పట్టుబట్టాడు. ఎక్కడ తవ్వాలన్న దగ్గర పది రోజులు ఆలస్యమైంది. కాలనీలో అయితే అందరూ వస్తారా అన్నాడు ఒకడు. ఊళ్లో అయితే మా వాళ్లను రానిస్తారా అన్నాడు ఇతను. చివరకు గుమాస్తా, "మా బాయికాడ తవ్వండి" అన్నాడు. ఇంట్లో తల్లికి చెప్పాడు. ఆమె చాలాసేపు వత్తులు చేసుకుంటూ ఉండి, "రమ్మను. నన్ను మాత్రం అండ్ల తినమనకు" అన్నదట. పాత ఇనుప డ్రమ్ము ఒకటి దొరికింది కానీ అది పురుగు మందుది. ఎంత కడిగినా వాడకూడదని పంతులు వద్దన్నాడు. కోదాడ పాత సామాన్ల దుకాణంలో వేరేది చూస్తున్నారు. పొట్టేలు బేరం కుదిరింది. దర్జీ మిత్రుడు కోసి ఇస్తానన్నాడు. బియ్యం గుమాస్తా తెస్తాడు. సేలా బాస్మతి కాదు, మిర్యాలగూడ ఉప్పుడు బియ్యమే పెట్టి చూద్దామంటున్నాడు. పళ్లెం మాత్రం ఊళ్లో అంతది లేదు. కోదాడ హోటలు వాళ్లను అడిగితే, బయానా పెట్టి తీసుకుపొమ్మన్నారు.